బిల్హా బన్ను

బిలాస్‌పూర్ రైల్వే పేట తార్‌బహార్‌లో ఒకప్పుడు వేణుగోపాల్ బేకరీ తెలియని రైల్వే కుటుంబం లేదు. లోకో షెడ్డుకు పొద్దుటి డ్యూటీకి పోయేవాళ్లు సైకిలు ఆపి, బన్నులు కాగితంలో చుట్టించుకుని, టిఫిను డబ్బా పక్కనే హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్లేవారు. వేణుగోపాల్ తండ్రి పలాస వైపు నుంచి వచ్చి ఆ షెడ్డులోనే ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు. రాకపోతే పోనీ, నలుగురి నోటికీ అందే వ్యాపారం చేద్దామని వేణుగోపాల్ బేకరీ పెట్టి పదేళ్లు పైనే నడిపాడు. ఆ తర్వాత అది మూతపడింది.

ఎందుకు మూతపడిందని అడిగినవాళ్లకి ఒకటే జవాబు చెప్పేవాడు: ఉస్తాద్ వెళ్లిపోయాడు. ఉస్తాద్ అంటే ఖలీల్. పిండి కలపడం, పొంగనివ్వడం, ఇటుకల భట్టీలో కట్టెలు కాల్చి, నిప్పులు పక్కకి లాగి, పొడుగు కర్రతో రేకులు లోపలికి తోయడం, సమయానికి బయటికి తీయడం, అంతా అతని చేతి మీదే నడిచేది. కళ్లు సరిగా ఆనడం లేదని ఒకనాడు ఖలీల్ సంచీ సర్దుకుని సెలవు తీసుకున్నాడు. తర్వాత ఇద్దరు ముగ్గురు పనివాళ్లు వచ్చారు, పోయారు. ఏడాది తిరక్కుండానే వేణుగోపాల్ షట్టరు దించేశాడు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆ సందులోంచి పోతే ఇల్లు దగ్గరే అయినా, అతను చుట్టు తిరిగి వెళతాడు.

దుకాణం పోయినా మాట పోలేదు. పుట్టు మాటకారి. పల్లెల్లో చిన్నచిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లకి శిక్షణ ఇచ్చే ఒక సంస్థ బిల్హాలో కేంద్రం తెరిచినప్పుడు, సొంతంగా దుకాణం నడిపినవాడు కావాలని వెతికితే వేణుగోపాల్ దొరికాడు. పొట్టకూటికని చేరాడు గాని ఆ పని అతనికి అచ్చొచ్చింది. రోజూ లోకల్ బండెక్కి బిల్హాలో దిగి, హిందీలో కాస్త ఛత్తీస్‌గఢీ కలిపి, వచ్చినవాళ్లని నవ్విస్తూ పాఠం చెప్పేవాడు. గిరాకీని ఎలా పలకరించాలి, ధర ఎలా కట్టాలి, అరువు అడిగినవాడికి నవ్వుతూనే లేదని ఎలా చెప్పాలి, బ్యాంకులో ఎవరూ కుర్చీ చూపించకపోయినా ఎలా కూర్చోవాలి, అన్నీ నేర్పేవాడు. శిక్షణ అయ్యాక ఏడాదిపాటు వాళ్ల దుకాణాలకి వెళ్లి మంచిచెడ్డలు కనుక్కోవడం కూడా అతని పనే. మేకలు పెంచే ఆమె మంద పెరిగినా, సైకిళ్ల మరమ్మతు చేసే అతను మోటారు సైకిళ్లకి ఎదిగినా, ఇంటికొచ్చి భార్య నీలవేణికి తన ఘనత లాగే చెప్పి మురిసిపోయేవాడు.

పాఠం మధ్యలో మాత్రం మాటిమాటికీ బేకరీ కబుర్లు దొర్లేవి. మేం బన్ను చేసేటప్పుడు, అనేవాడు. ఆ ‘మేం’లో తన చెయ్యి ఎంత, ఖలీల్ చెయ్యి ఎంత అన్నది వినేవాళ్లకి తెలిసేది కాదు. నిజానికి వేణుగోపాల్ ఒక్కనాడూ పిండిలో చెయ్యి పెట్టి ఎరగడు. గల్లా దగ్గర కూర్చునేవాడు.

అలా నడుస్తున్న రోజుల్లో ఒక శిక్షణకి అచ్చియమ్మ వచ్చింది. ఆమె భర్త అమ్మన్న రైల్వేలో గ్యాంగ్‌మాన్, బిల్హాలో డ్యూటీ. ఊరికి ఆనుకునే ఉన్న పల్లెలో రెండు గదులు వేసుకుని ఉంటున్నారు. బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవడం మాత్రం హిందీయే. గదిలో తెలుగు తెలిసినవాళ్లు వాళ్లిద్దరే కాబట్టి, వేణుగోపాల్ ఆమెని కొంచెం ప్రత్యేకంగా చూసేవాడు. ఆమె కూడా మాస్టారూ, మాస్టారూ అంటూ ప్రతి మాటా చెవులు రిక్కించి వినేది.

ఆఖరి వారంలో ఒక్కొక్కరూ లేచి ఏ వ్యాపారం పెడతారో చెప్పాలి. ఒకామె బట్టలు కుడతానంది. ఒకామె మరమరాల ఉండలంది. అచ్చియమ్మ లేచి, బేకరీ అంది.

గదిలో కొందరు నవ్వారు. వేణుగోపాల్ నవ్వలేదు. బేకరీ మాటలతో అయ్యేది కాదనీ, ఆడవాళ్లు భట్టీ వేడి తట్టుకోలేరనీ, అప్పడాలు చేసుకుంటే హాయిగా ఇంటి పట్టున ఉండొచ్చనీ మెత్తగా చెప్పాడు.

“అప్పడాలు మా ఈదిలో నలుగురు చేస్తన్నారు మాస్టారూ,” అంది అచ్చియమ్మ. “బన్ను చేసేవోళ్లు బిల్హా మొత్తమ్మీద లేరు. అదీగాక, పిండి పొంగడం గురించి మీరు చెప్తంటే నా చేతులు ఊరుకోవు.”

తన కబుర్లే తనకి ఎదురు తిరిగాయి. చేతులు ఊరుకోవట. ఆ మాట సాయంత్రం బండిలో కూడా అతన్ని వదల్లేదు. ఇన్నేళ్లలో తన చేతులకి అలా ఎప్పుడైనా అనిపించిందా అని చూసుకున్నాడు. అనిపించలేదు.

శిక్షణ ముగిసే రోజున బ్యాంకు మేనేజరు శేషగిరిరావు వచ్చాడు. ఖమ్మం మనిషి. బదిలీ మీద ఈ వైపు వచ్చి తెలుగు మాట కోసం మొహం వాచిపోయి ఉన్నాడు. ఎవరికి బ్యాంకు సాయం ఇవ్వొచ్చో ఒక్కొక్కరి గురించీ వేణుగోపాల్‌ని అడిగి తెలుసుకున్నాడు. అచ్చియమ్మ దగ్గరకొచ్చేసరికి, మనిషి గట్టిదానిలా ఉంది, మీరేమంటారు అన్నాడు.

“వద్దండీ,” అన్నాడు వేణుగోపాల్. “ఆ ఊళ్లో బేకరీ నడవదు. పదేళ్లు చేసి దెబ్బతిన్నవాణ్ణి చెబుతున్నాను.”

అనుభవం ఉన్నవాడి మాట కదా, శేషగిరిరావు మారు మాట్లాడకుండా తలూపాడు. అచ్చియమ్మకి సాయం రాలేదు. ఒక అమాయకురాల్ని నష్టం నుంచి తప్పించానని వేణుగోపాల్ తనకి తాను చెప్పుకున్నాడు. అది ఎంత బాగా నమ్మాడంటే, ఆ రాత్రి అన్నం ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.

అచ్చియమ్మ మాత్రం ఆగలేదు. కూలగొట్టిన ఒక పాత గూడ్సు షెడ్డు ఇటుకలు అమ్మన్న ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. ఆలుమగలిద్దరూ పెరట్లో మట్టితో చిన్న భట్టీ కట్టుకున్నారు. చలికాలం మొదలైంది. మొదట చేసిన బన్నులు కుక్కలు కూడా ముట్టలేదని ఆమే నవ్వుతూ వేణుగోపాల్‌కి ఫోను చేసి చెప్పింది. రాళ్లలా వస్తున్నాయి, ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలింది. వస్తానన్నాడు. వెళ్లలేదు. మేకలామె దగ్గరికి వెళ్లాడు, సైకిళ్ల దుకాణానికి వెళ్లాడు, కుట్టు పని ఆమె ఇంట్లో టీ కూడా తాగాడు. అచ్చియమ్మ ఇంటి మలుపు దాకా వచ్చి, బండి వేళవుతోందని వెనక్కి తిరిగాడు. ఆమె మళ్లీ ఫోను చేసింది, మరోసారి చేసింది. ఆ తర్వాత మానేసింది.

ఫోను రావడం ఆగిపోయాక, సరే, ఆ ముచ్చటా తీరిపోయినట్టుంది అనుకున్నాడు. పాపం అని కూడా అనుకున్నాడు. ఆ ‘పాపం’ అనుకోవడంలో ఎంతో సుఖం ఉంది.

ఎండలు ముదురుతున్న వేళ ఒక సాయంత్రం నీలవేణి టీ గ్లాసు పక్కన పళ్లెంలో ఒక బన్ను పెట్టింది. పక్కింటివాళ్లు బిల్హా నుంచి తెచ్చారట. ఆలోచన లేకుండా తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. పాల తీపి, ఆ వెనకాలే నాలుక అంచున సన్నగా సోంపు. బన్నులో చిటికెడు సోంపు నలిపి వేసేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. తన ఖలీల్.

“ఎవరు చేసినవి ఇవి?” అన్నాడు.

“ఎవరో అచ్చియమ్మంట. టేసన్ బయట టీ కొట్టుల్లో పెడితే నిమిషాల్లో అయిపోతన్నాయంట. ఏటి, బాగోనేదా?”

మిగిలిన బన్ను పళ్లెంలోనే వదిలేసి లేచాడు. అచ్చియమ్మ గెలవడం ఒక ఎత్తు. ఖలీల్ ఆమె పక్కన ఉండటం ఇంకో ఎత్తు. కట్టుకున్నది లేచిపోయి పక్క వీధిలోనే కాపురం పెట్టిందని తెలిసినవాడు కూడా అంత ఉడికిపోడేమో. కళ్లు కనపడవని తన దగ్గర మానేసినవాడు, ఊరు వెళ్లిపోయాడనుకున్నవాడు, బిల్హాలో, ఆ పెరట్లో ఎలా ఉన్నాడు?

మర్నాడు కేంద్రానికి పోకుండా తిన్నగా అచ్చియమ్మ ఇంటికి నడిచాడు. పెరట్లో వేపచెట్టు నీడన మంచం మీద ఖలీల్ కూర్చుని ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. ఒక కంట్లో తెల్లటి పొర. అచ్చియమ్మ మోచేతుల దాకా పిండితో లేచి వచ్చి, మాస్టారు వచ్చారు ఉస్తాద్ అని గట్టిగా చెప్పి, లోపలికి కుర్చీ తేవడానికి వెళ్లింది. తార్‌బహార్‌లో అన్నేళ్లు పనిచేసిన ఖలీల్‌కి రైల్వే వాళ్ల తెలుగు బాగానే వచ్చు.

“నా దగ్గర కళ్లు కనపడవన్నావు,” అన్నాడు వేణుగోపాల్, నిలబడే. “ఇక్కడ కనపడుతున్నాయా?”

“ఇక్కడా కనపడవు సేఠ్,” అన్నాడు ఖలీల్ శాంతంగా. “నాను మంచం మీంచి చెప్తాను, ఈ అమ్మ చేస్తాది. నీ దగ్గర చెప్తే చెయ్యడానికి ఎవరున్నారు?”

తర్వాత సంగతంతా అతనే చెప్పాడు. మానేశాక ఊరికి పోయిన మాట నిజమే. భార్య చనిపోయాక బిల్హాలో ఉన్న కూతురి ఇంటికి వచ్చి ఉంటున్నాడు. తార్‌బహార్ టీ కొట్టుల్లో అడిగి అడిగి అచ్చియమ్మ అతని ఆచూకీ పట్టుకుంది. తన పేరు ఎలా తెలిసిందని అడిగితే, శిక్షణలో మాస్టారు రోజూ చెప్పేవారు ఉస్తాద్ అందట. తను రోజూ పాఠం చెప్పే కేంద్రానికి రెండు వీధుల అవతలే ఉన్న మనిషిని వేణుగోపాల్ ఒక్కసారీ వాకబు చెయ్యలేదు. ఆ సంగతి ఖలీల్ అనలేదు. వేణుగోపాల్‌కే తట్టి, ఒళ్లంతా మండింది.

“ఆమె పిండికి ఏం చేశావు? నా దగ్గర ఇంత మెత్తగా ఎప్పుడూ రాలేదే,” అని అడిగాడు.

“అదే పిండి, అదే ఈస్టు. నిద్దర ఎక్కువ పోనిచ్చాం, అంతే. చలికాలం పిండి బేగి లేవదు. నీకు యాదుందా, ఇంకాసేపు ఆగుదాం సేఠ్ అంటే, షెడ్డు గేటు మన కోసం ఆగుతాదా అనేవోడివి. పచ్చిపిండే భట్టీలో పెట్టించేవోడివి. సాయంత్రానికి గట్టి పడేది.” ఖలీల్ గొంతులో నిష్ఠూరం లేదు. వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు.

అచ్చియమ్మ కుర్చీ తెచ్చేసరికి వేణుగోపాల్ పని ఉందని బయటపడ్డాడు.

ఇంటికొచ్చి నీలవేణి దగ్గర వెళ్లగక్కాడు. నమ్మకద్రోహం అన్నాడు. తన ఉస్తాద్‌ని, తన సోంపుని, తన పాఠాన్ని దొంగిలించిందన్నాడు. నీలవేణి కూర తరుగుతూ అంతా విని, చివరికి, “మీ కడుపుమంట మీద పెనం పెడితే అట్టు మాడిపోయేలా ఉన్నాది,” అంది. “ఆ పిల్ల ఏటి దొంగతనం చేసింది? మీరు చెప్పారు, అది విన్నాది. వినేవోళ్ల మీద కోపమైతే పాఠం చెప్పడం మానీండి.” అతను చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. రెండ్రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు.

శిక్షణ కేంద్రం చూసుకునే రాజశ్రీ మేడమ్ చెవిన కూడా ఈలోగా బిల్హా బన్ను మాట పడింది. అచ్చియమ్మ సరుకుని బిలాస్‌పూర్ బజారుకి పరిచయం చెయ్యమని వేణుగోపాల్‌కి పురమాయించింది. సదర్ బజార్‌లో అతనికి తెలియని దుకాణం లేదు. కాదనడానికి వీల్లేని పని. ఒక ఉదయం అచ్చియమ్మ పెద్ద బుట్ట మీద తెల్లగుడ్డ కప్పుకుని లోకల్ దిగింది. బుట్ట పట్టుకుంటానని అతను అనలేదు. ముందు నడిచాడు.

మొదటి దుకాణం లక్ష్మణ్‌దాస్‌ది. టీ పొడి, బిస్కట్లు, రొట్టెలు అమ్మే పాత వ్యాపారి. వేణుగోపాల్‌ని చూడగానే స్టూలు లాగి కూర్చోబెట్టి, వెనక బుట్ట చూసి, అచ్ఛా, మళ్లీ మొదలెట్టావా వేణు భాయి అన్నాడు.

కాదు అని ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా రాలేదు. ఎన్నేళ్లయింది, ఈ బజారులో ఎవరైనా అతన్ని ఆ చూపు చూసి. శిక్షణ మాస్టారుగా కాదు, సరుకున్న మనిషిగా. వేణుగోపాల్ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. పక్కన అచ్చియమ్మ ఒకసారి అతని మొహం చూసి, వంగి బుట్ట మీది గుడ్డ తీసింది.

లక్ష్మణ్‌దాస్ బన్ను విరిచి, వాసన చూసి, తిని, ఇంకో ముక్క తిన్నాడు. ఈసారి మంచి ఉస్తాద్ దొరికాడే నీకు, అన్నాడు మెచ్చుకోలుగా. పోయినసారి వాడి బన్నుతో సాయంత్రానికి మేకు కొట్టుకోవచ్చు, నీ మొహం చూసి అనలేకపోయేవాణ్ణి గాని, అని నవ్వాడు. రోజూ పంపమన్నాడు.

బయటికి వచ్చాక వేణుగోపాల్ చెవుల్లో వేడి తగ్గలేదు. వాడూ వీడూ ఒకే ఉస్తాద్ అని లక్ష్మణ్‌దాస్‌కి ఎవరు చెప్పాలి? బుట్ట నెత్తికెత్తుకుంటూ అచ్చియమ్మ మామూలుగా అంది:

“మాస్టారూ, మీ పేరు చెప్తే తీసుకుంటారంటే మీ పేరే చెప్పండి. నాకేటి, బన్ను అమ్ముడుపోతే సాలు.”

ఆమె వెటకారం చేసి ఉంటే బాగుండేది. అసూయకి ఎదుటివాళ్ల అహంకారం ఆసరాగా ఉంటుంది. ఇక్కడ పట్టుకోవడానికి ఏదీ దొరకలేదు. అతను కష్టపడి కాపాడుకుంటున్న పేరు ఆమెకి బుట్ట మీది గుడ్డతో సమానం, అవసరమైతే కప్పుతుంది, లేకపోతే తీసేస్తుంది.

రెండో దుకాణంలోనూ అదే ప్రశ్న ఎదురైంది. వేణుగోపాల్ కాసేపు ఎదురుగా వేలాడుతున్న బిస్కట్ పొట్లాల వరస చూశాడు.

“నాది కాదు,” అన్నాడు. “నాది ఎప్పుడో మూతపడింది. ఇది ఈవిడది. అచ్చియమ్మ, బిల్హా.”

మాట బయటికొచ్చాక గుండె తేలికపడుతుందని అంటారు. అతనికి అలాంటిదేమీ కాలేదు. పన్ను పీకించుకున్నట్టు ఉంది. నొప్పి ఉంది, అయినా నాలుక ఊరికే అటు పోవడం మానలేదు. మధ్యాహ్నం దాకా వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకూ తిరిగారు. ఎవరు పొద్దున్నే తెరుస్తారో, ఎవరు సరుకు మిగిలితే తిప్పి ఇస్తారో, ఎవరి దగ్గర మాట మెత్తగా ఉండాలో, దుకాణం దుకాణానికీ ఆమెకి చెప్పాడు. బేరం ఆడటంలో, మాట కలపడంలో అతన్ని మించినవాళ్లు ఆ వీధిలో లేరు. ఆ సంగతి ఆమె గ్రహించింది. తెలుగులోనే అతన్ని ఇది ఎలగ, అది ఎలగ అని గుచ్చి గుచ్చి అడిగింది. చివర్లో ఖాళీ బుట్ట అతను అందుకున్నాడు. లక్ష్మణ్‌దాస్ దుకాణానికి తిరిగి వెళ్లి అసలు సంగతి చెప్పడం మాత్రం ఆ రోజు అతని వల్ల కాలేదు. చెప్పడానికి వారం పట్టింది.

బ్యాంకుకి కూడా వెళ్లాడు. శేషగిరిరావు గదిలో కుర్చీ అంచున కూర్చుని, అచ్చియమ్మకి సాయం ఇమ్మని అడిగాడు. అప్పుడు వద్దన్నారు కదా, ఇప్పుడేమైంది అన్నాడు మేనేజరు.

“అప్పుడు చూడలేకపోయానండీ,” అన్నాడు వేణుగోపాల్.

బేకరీ సంగతి సరిగా అంచనా వెయ్యలేకపోయాడని శేషగిరిరావు అర్థం చేసుకున్నాడు. ఎవరికైనా పొరపాటు సహజమే అని ఓదార్చి, బిల్హా వచ్చి భట్టీ చూస్తానన్నాడు. వచ్చాడు, చూశాడు, రెండు బన్నులు తిన్నాడు. సాయం మంజూరైంది. పిండి కలిపే యంత్రం వచ్చింది. అచ్చియమ్మ మోచేతి నొప్పులు తగ్గాయి.

ఇప్పుడు అచ్చియమ్మ నెలకొకసారి శిక్షణ కేంద్రానికి వచ్చి కొత్తవాళ్లకి తన కథ చెబుతుంది. అంతా మా మాస్టారి చలవే అంటుంది. అందరూ వెనక్కి తిరిగి అతన్ని చూస్తారు. అప్పుడతను కిటికీ తలుపులు సరిచేస్తూనో, కుర్చీలు లెక్కపెడుతున్నట్టో ఉంటాడు. పొగడ్త అందుకోవడానికి అర్హత లేదనిపించడం ఒకటి, పొగిడేది ఆమె కావడం ఒకటి, రెండూ కలిసి అతన్ని నిలవనీయవు. అతని పాఠానికి నవ్వేవాళ్లు ఆమె చెప్పేటప్పుడు నవ్వరు. ముందుకి వంగి వింటారు. ఆ తేడా కూడా అతని కంటపడుతుంది.

నీలవేణి ఆ బన్నులే తెస్తుంది. వద్దనడు, ముట్టడు. ఖలీల్‌ని మాత్రం వారానికోసారి చూసి వస్తాడు. ఇద్దరూ పాత తార్‌బహార్ మనుషుల గురించి మాట్లాడుకుంటారు. బేకరీ మాట ఎత్తరు. ఒకసారి మాత్రం, కొంచెం పిండి ఇవ్వమని అచ్చియమ్మని అడిగి, మంచం పక్కన పీట మీద పెట్టుకుని కాసేపు పిసికాడు. వేళ్లకి అంటుకుని ఒక పట్టాన వదల్లేదు. ఖలీల్ ఆ చప్పుడు విని, నీళ్లెక్కువయ్యాయి సేఠ్ అన్నాడు.

పోయిన నెలలో, అచ్చియమ్మ రెండో భట్టీ కట్టిస్తోందని అమ్మన్న ఫోను చేసి చెప్పాడు. ఈసారి తార్‌బహార్ వేణుగోపాల్ భట్టీ కంటే పెద్దదట. అమ్మన్న మంచివాడు, సంతోషం పట్టలేక ఆ మాట అన్నాడు. వేణుగోపాల్ బాగుంది అని ఫోను పెట్టేసి, అన్నానికి కూర్చున్నాడు. పెరుగు కలుపుకోవడం మరిచిపోయాడు.

మర్నాడు ఆదివారం. కేంద్రానికి సెలవు. అయినా పొద్దున్నే తయారై, స్టేషనుకి నడిచి, బిల్హా లోకల్ ఎక్కాడు. భట్టీ మూతి ఎటు తిరిగి ఉండాలో, పొగ ఇంట్లోకి రాకుండా గొట్టం ఎక్కడ పెట్టాలో మేస్త్రీకి తెలియదని అచ్చియమ్మ అంతకుముందు అని ఉంది. తార్‌బహార్‌లో ఆ పొగతో పదేళ్లు వేగినవాడు అతను. దారి పొడుగునా, నేను ఎందుకు వెళుతున్నాను అని విసుక్కుంటూనే ఉన్నాడు. బండి ఆగితే అందరికంటే ముందు దిగాడు.